నెల్లూరు స్టేషన్, బస్టాండు దగ్గర రోడ్డు మీద పడుకునేవాళ్లకి ఆదివారం వండి పెట్టాలనుకుంటుండాం, ఏం వండాలి ఎట్టా పెట్టాలి కాస్త చెప్పండి

వేదాయపాళెం కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, వేదాయపాళెం. ఏడుగురం ఫ్రెండ్సుం ఉండాం, మాలో ఇద్దరు ఆడపిల్లలు, అందరం చిన్నాచితకా ఉద్యోగాలే, ఆదివారం ఒక్కటే ఖాళీ. ఇన్నాళ్లూ ఎవరిదన్నా పుట్టినరోజొస్తే హోటల్లో బిర్యానీ పాకెట్లు కొని రైల్వే స్టేషన్ బయటా మద్రాసు బస్టాండు దగ్గరా పంచిపెట్టి వచ్చేసేవాళ్లం. ఇప్పుడు అట్టా కాకుండా ప్రతి ఆదివారం మేమే వండి తీసకపోయి పెడదాం అనుకుంటుండాం. మొన్న రాత్రి స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్టాండు దాకా నడిచి చూశాం, అరుగుల మీదా షాపుల షట్టర్ల ముందరా పడుకోనుండేవాళ్లు డెబ్బై ఎనభై మంది దాకా కనిపించారు. ముసలోళ్లు ఎక్కువ, కానీ మా వయసోళ్లు కూడా ఉండారు, అది చూసి మనసంతా ఒక మాదిరి అయిపోయింది.

మా ఫ్రెండు వాళ్ల పెద్దమ్మ ఇంటెనక పెద్ద ఖాళీ స్థలం ఉంది, ఆడ వండుకోమంది. మనిషికి ముప్పై నలభై రూపాయల దాకా మేమే వేసుకోగలం. పులిహోర అయితే సులువుగా అయిపోద్ది, చెడిపోదు, పాకెట్లు కట్టడం కూడా తేలికే అని మా వాళ్లంటుండారు. ఎనభై మందికి ఎంత బియ్యం పడతాయి, పాకెట్లు కట్టాలా ఆడనే వడ్డించాలా, ఎవరినన్నా పర్మిషన్ అడగాల్నా, ఇవేవీ మాకు తెలియవు. ఇంట్లో నలుగురికి తప్ప ఎప్పుడూ వండిన అనుభవం లేదు.

ఇంకోటి, మా నాయన ఏమంటాడంటే, అన్నా క్యాంటీన్లో ఐదు రూపాయలకే అన్నం పెడుతుండారు గదా, మళ్లీ మీరు పెట్టేదేంది, ఆ డబ్బులు ఇంకోదానికి వాడండి అని. ఆయన మాటలో నిజం లేకపోలేదు. అందుకే అడుగుతుండా, చేస్తుండేవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి.


ఒంగోలు వంటక్క:

తమ్ముడూ, మాది ఒంగోలు లాయర్‌పేట, పెళ్లిళ్లకి పేరంటాలకి వండటం నా పని. ముహూర్తాలు లేనప్పుడు, ఆషాఢంలోనూ మూఢాల్లోనూ, మేము నలుగురం ఆడోళ్లం కలిసి అద్దంకి బస్టాండు వైపు వండి పంపుతుంటాం. అందుకని నాకు తెలిసింది వివరంగా చెప్తా, కాస్త పెద్దదవుద్ది, ఓపిగ్గా చదువుకో.

ముందు పులిహోర ఆలోచన మానేయండి. చెడిపోదు, నిజమే, చింతపండూ నూనే ఉంటయ్ కాబట్టి నిలవ ఉంటది. కానీ పెట్టేవాళ్లందరూ అదే అనుకుంటారు. గుళ్లో పులిహోర, పుట్టినరోజుకి పులిహోర, వర్ధంతికి పులిహోర. రోజంతా ఏమీ లేని కడుపులో ఆ పులుపూ ఆ ఎండుమిరపకాయా పడితే రాత్రంతా మంట. పళ్లులేని ముసలాళ్లు అందులో వేరుశనగ్గింజలూ శనగపప్పూ ఏరి పక్కన పడేసుకుంటా తింటారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటది. వాళ్లకి కావలసింది మెత్తటి అన్నం, వేడి వేడి పప్పుచారు, ఒక మెత్తటి కూర, మజ్జిగ. ఉడకబెట్టిన గుడ్డు ఒకటి చేతిలో పెడితే ఇంకేం అక్కర్లేదు. ఆ రోజు గుడ్డు తిననివాళ్లూ ఉంటారు, అయ్యప్ప మాల అనో ఇంకోటనో, వాళ్లకి అరటిపండు ఉంచుకోండి.

లెక్క చెప్తా విను. పెళ్లిళ్లలో ఆకు నిండా పది రకాలుంటయ్ గనక కిలో బియ్యానికి పదిమంది అని లెక్కేస్తాం. మీరు పెట్టేచోట ఆ లెక్క పనికిరాదు. ఆ మనిషికి అదే రోజు మొత్తానికి భోజనం, రెండోసారి అడుగుతారు, అడిగినప్పుడు లేదనకూడదు. కిలోకి ఆరుగురు ఏడుగురు వేసుకోండి. ఎనభై మందికి పన్నెండు కిలోల బియ్యం. పాత బియ్యమే తీసుకోండి, మీ వైపు ఎన్‌ఎల్‌ఆర్ 34449 అంటారే నెల్లూరు మసూరి, అదైనా సరే, బీపీటీ అయినా సరే, ఏడాది నిలవ ఉన్నవైతే అన్నం ఒదుగుద్ది. కొత్తబియ్యం అయితే పెద్ద గిన్నెలో ముద్దయిపోయి అడుగు ఉడుకుద్ది పైన ఉడకదు, కొత్తగా చేసేవాళ్లు దాన్ని సంభాళించలేరు.

కందిపప్పు రెండున్నర నుంచి మూడు కిలోలు, పప్పుచారుకి. అందులోకి సొరకాయో గుమ్మడికాయో వెయ్యండి, మునక్కాయ వద్దు, నమలలేరు, తిన్నచోటే పిప్పి పడేస్తే తెల్లారి ఊడ్చేవాళ్లు తిడతారు, ఆ తిట్లు మీకు కాదు ఆ పడుకున్నవాళ్లకి తగుల్తయ్. చింతపండు అరకిలో లోపే. కారం మీ ఇంట్లో వేసుకునేదాంట్లో సగం. మజ్జిగకి నాలుగు లీటర్ల పెరుగు, దానికి మూడింతలు నీళ్లు, ఉప్పు, కాస్త అల్లం కరివేపాకు దంచి వేస్తే చాలు. నూనె ఒక లీటరు సరిపోద్ది.

గంజి వార్చి వండండి. అత్తెసరు పెడితే పన్నెండు కిలోలకి నీళ్ల అంచనా మీకు రాదు. వార్చిన గంజి పారబొయ్యొద్దు, ఉప్పేసి క్యానులో పోసుకుని తీసుకెళ్లండి, అన్నం తినలేని ముసలాళ్లు అది తాగుతారు.

పాకెట్లు కట్టొద్దని నా మాట. పాలిథిన్ కవర్లో వేడన్నం పోసి మూతి కడితే లోపల చెమట పట్టుద్ది, కాసేపటికే వాసనొస్తది. గిన్నెల్తోనే తీసుకెళ్లి అక్కడ వడ్డించండి. అడ్డాకుల విస్తళ్లు కట్టలు కట్టలు దొరుకుతయ్, అవి వాడండి, ప్లాస్టిక్ ప్లేట్లూ గ్లాసులూ ఎట్టాగూ 2022 జులై నుంచి నిషేధమే. వడ్డిస్తే ఇంకో లాభం ఉంది, మనిషి మొహం చూసి పెడతారు. ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరు నిన్న ఉండి ఇవాళ లేరో తెలుస్తది. పాకెట్టు చేతిలో పెట్టి వెళ్లిపోతే అది తెలియదు.

గాడిపొయ్యి తవ్వుకుంటారా గ్యాసు వాడతారా? గ్యాసు అయితే ఇంటి సిలిండరు పెద్ద బర్నరుకి తగిలించొద్దు, అది ఇంటి వాడకానికే, 19 కిలోల కమర్షియల్ సిలిండరు తెచ్చుకోండి. గంజి వార్చేటప్పుడు ఇద్దరు మగపిల్లలు ఉండాలి, చున్నీలూ పంచెలూ కట్టుకున్నోళ్లు పొయ్యి దగ్గరకి రావొద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తన్నా.


స్టోన్‌హౌస్‌పేట:

వంటక్క చెప్పినదానికి తిరుగులేదు. పర్మిషన్ సంగతి నేను చెప్తా. రోడ్డు పక్కన పెట్టేదానికి పెద్దగా ఎవరూ అడ్డం చెప్పరు, కానీ స్టేషన్ లోపలా ప్లాట్‌ఫారం మీదా పెట్టాలంటే స్టేషన్ మాస్టర్ని అడిగి తీరాల, లేకపోతే ఆర్‌పీఎఫ్ వాళ్లు, అంటే రైల్వే రక్షణ దళం వాళ్లు, పంపించేస్తారు, మిమ్మల్ని పంపిస్తే పర్లేదు, మీకోసం గుమిగూడినోళ్లని కూడా తరిమేస్తారు, ఆ రోజు పడుకునే జాగా పోతుంది వాళ్లకి. అందుకని బయటే పెట్టుకోండి. దగ్గర్లో పోలీసుస్టేషన్లో ఒక కాయితం రాసిచ్చి మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి.

ఫుడ్ సేఫ్టీ చట్టం 2006లో వచ్చింది, అందులో లాభం ఉన్నా లేకపోయినా ఆహారం తయారుచేసి పంచేవాళ్లు దాని కిందకే వస్తారని ఉంది. వారంవారం చెయ్యాలనుకుంటే పెద్ద లైసెన్స్ అక్కర్లేదు, చిన్నవాళ్లకి ఉండే రిజిస్ట్రేషన్ గురించి కనుక్కొని చేయించుకోండి, మీకే ధైర్యం. హోటళ్లలో ఫంక్షన్లలో మిగిలింది ఎవరన్నా ఇస్తామంటే దానికి 2019లో విడిగా రూల్సు వచ్చాయి, మిగిలిన ఆహారాన్ని ఎట్టా తీసుకోవాల ఎట్టా పంచాల అని. కొత్తలో మాత్రం ఆ మిగిలింది జోలికి పోమాకండి, అది ఎప్పుడు వండిందో మీకు తెలియదు, మీరు వండింది మీకు తెలుసు.


పొదిలి బస్సు:

నేను పెట్టేవాళ్ల వైపు నుంచి కాదు తినేవాళ్ల వైపు నుంచి చెప్తా, ఎవరూ ఏమనుకోవద్దు. నేను ఒంగోల్లో ఒక హోటల్లో సప్లయర్‌గా చేసేవాణ్ణి. మేము పడుకునేది హోటలు పైనే ఒక రేకుల గదిలో. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హోటలు మూసేశారు, హోటలుతోపాటు గది కూడా పోయింది. ఊళ్లో ఇల్లు లేదు, అమ్మా నాన్న లేరు, అన్నావాళ్లింటికి వెళ్లటానికి మొహం చెల్లలేదు. కొన్నాళ్లు షాపుల ముందర, తర్వాత బస్సులు తిరగటం మొదలయ్యాక బస్టాండులో పడుకున్నా. ఇప్పుడు మళ్లీ పనిలోనే ఉన్నా, దేవుడి దయవల్ల చిన్న గది కూడా ఉంది.

రోడ్డు మీద పడుకునేవాళ్లంటే అడుక్కునేవాళ్లని అందరూ అనుకుంటారు. మాలో సగం మందికి పైన పనికెళ్లేవాళ్లే. హోటళ్లలో ప్లేట్లు కడిగేవాళ్లు, కూరగాయల మార్కెట్లో బస్తాలు దించే హమాలీలు, ఇనుపముక్కలూ అట్టపెట్టెలూ ఏరుకునేవాళ్లు, పెళ్లిళ్లకి లైటింగు కుండీలు మోసేవాళ్లు. పనుంటే ఆ రోజు తింటారు, లేకపోతే లేదు. మార్కెట్ పనికి వెళ్లేవాడు తెల్లారుజామున నాలుగింటికే లేవాలి, వాడికి క్యాంటీను ఏడున్నరకి తెరిస్తే అందదు. మీ నాన్నగారు అడిగిన ప్రశ్నకి నా సమాధానం ఇది, క్యాంటీన్ మంచిదే, నేను చాలాసార్లు తిన్నా, 2018లో మొదలుపెట్టినప్పుడూ, 2019లో మూసేసి మళ్లీ 2024 ఆగస్టులో తెరిచాక కూడా తిన్నా, పెరుగుతో సహా పెడతారు, ఐదు రూపాయలిచ్చి తింటే మనం కొనుక్కుని తిన్నట్టు ఉంటది, ఎవరికీ చెయ్యి చాచినట్టుండదు. కానీ ఆదివారం సెలవు. ఆదివారం మార్కెట్లో పని కూడా తక్కువే. పనీ లేదు క్యాంటీనూ లేదు. కాబట్టి మీరు ఆదివారం ఎంచుకోవటం సరిగ్గా సరిపోయింది, ఆ రోజు మార్చొద్దు.

గురువారం బాబా గుడి దగ్గర అన్నదానం, శనివారం గుళ్ల దగ్గర పులిహోర దద్దోజనం, శుక్రవారం మసీదు బయట ఎవరో ఒకరు బిర్యానీ. ఆ రోజుల్లో తినలేక పారేస్తారు, కుక్కలు తింటయ్. సోమవారం మంగళవారం ఒక్క మనిషి రాడు. ఏ రోజు దొరకదో మాకు నోటికి వస్తది. మీ ఊళ్లో ఏ రోజు ఖాళీయో అక్కడున్నవాళ్లనే అడగండి, ఇట్టే చెప్తారు.

ఇంకా కొన్ని. టైము ముఖ్యం. రాత్రి ఎనిమిదింటికి వస్తామంటే ఎనిమిదింటికే రండి. ఒక వారం ఎనిమిది, ఇంకో వారం పదిన్నర అయితే, మీకోసం చూసి చూసి పక్కన టిఫిన్ బండి కూడా మూసేశాక ఖాళీ కడుపుతో పడుకోవాలి. రాలేకపోతే ముందు వారమే చెప్పండి. పదకొండింటికి వచ్చి నిద్రపోయేవాణ్ణి తట్టిలేపి పాకెట్టు పెట్టొద్దు, ఆ నిద్ర ఎంత కష్టపడితే పట్టిందో మీకు తెలియదు. లైను పెట్టమని కేకలెయ్యొద్దు, కూర్చోబెట్టి వరసలో వడ్డించండి, లైనులో బలమున్నోడు ముందుంటాడు, ఆడోళ్లూ కుంటోళ్లూ చివరికి పోతారు. ఒకడు మూటల దగ్గర కాపలా ఉండి ఇంకోడు వస్తాడు, ఆ రెండోవాడికి కూడా ఇమ్మంటే ఇవ్వండి, అబద్ధం అనుకోవద్దు, మూట వదిలి వస్తే మూట పోద్ది. చెయ్యి కడుక్కోటానికీ తాగటానికీ నీళ్లు తీసుకెళ్లండి, అన్నం పెట్టేవాళ్లు చాలామంది వస్తారు, నీళ్లు తెచ్చేవాళ్లు తక్కువ.

ఫోటోలు తీయొద్దు. ఇది మాత్రం చేతులెత్తి అడుగుతున్నా. నా పక్కన పడుకునే ఒక పెద్దాయన, కూతురు అత్తగారింటివాళ్లు చూస్తారేమోనని ఎవరన్నా ఫోను పైకెత్తగానే తువ్వాలు మొహం మీద వేసుకుని లేచిపోయేవాడు, అన్నం ముందర వదిలేసి. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడని ఊళ్లో చెప్పుకున్నవాళ్లుంటారు. డబ్బులిచ్చిన మీ స్నేహితులకి చూపించాలంటే వండేటప్పుడు గిన్నెల ఫోటోలు తీసి చూపించండి.


వేదాయపాళెం కుర్రోడు:

అన్నా, మీరు రాసింది మా ఏడుగురికీ చదివి వినిపించా. ఏం మాట్లాడాలో తెలియలేదు ఎవరికీ. ఫోటోలు ఒక్కటి కూడా తియ్యం, మాటిస్తుండా. మా నాయనకి కూడా వినిపించా, ఆదివారం సెలవని ఆయనకి తెలియదంట, కాసేపు గమ్మునుండి బియ్యం నేనిప్పిస్తాలే అన్నాడు.

వంటక్కా, మీ లెక్క రాసిపెట్టుకున్నాం. గుమ్మడికాయ పప్పుచారు, వంకాయ కూర, గుడ్డు, మజ్జిగ అనుకుంటుండాం. వంకాయ మెత్తగా ఉడికిద్ది గదా, పర్లేదా? ఇంకా, వంట మధ్యాన్నం మొదలుపెట్టి సాయంత్రం నాలుక్కల్లా చేసేసుకుంటే రాత్రి ఎనిమిదికి తీసకపోవచ్చా, లేకపోతే లేటుగా మొదలుపెట్టాల్నా?


కావలి మాష్టారు:

మీరు చేసేది మంచిపనే బాబూ, నేను అడ్డం చెప్పటం లేదు. కానీ అన్నం పెట్టి ఇంటికొచ్చి తృప్తిగా పడుకుంటే ఆ మనిషి మాత్రం అక్కడే రోడ్డు మీద ఉంటాడు, వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాడు. దాని గురించి కూడా ఆలోచించమని అడుగుతున్నాను.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 17 లక్షల 70 వేల పైచిలుకు అని తేల్చారు. ఆహారహక్కు కేసులో సుప్రీంకోర్టు ఊళ్లలో షెల్టర్లు కట్టమని ఆదేశాలిచ్చింది, ఆ తర్వాత 2013లో కేంద్రం పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టినప్పుడు అందులో షెల్టర్ల పథకం చేర్చారు. లక్ష జనాభాకి వంద మంది పట్టే షెల్టరు, మనిషికి 50 చదరపు అడుగుల జాగా, ఇరవై నాలుగ్గంటలూ తెరిచి ఉండాలి, నీళ్లు, మరుగుదొడ్లు, వంటగది ఉండాలి అని రాసుకున్నారు. నెల్లూరు జనాభా అప్పటికే ఐదు లక్షల దరిదాపు. అంటే ఆ లెక్కన ఎన్ని ఉండాలో మీరే చూసుకోండి. మన రాష్ట్రంలో ఈ పని మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, కిందకి వస్తుంది. కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లి మన ఊళ్లో షెల్టర్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎన్ని పడకలున్నాయి, ఆడవాళ్లకి విడిగా ఉందా, ఇవి అడిగి తెలుసుకుని ఆ చిరునామా ఒక కాగితం మీద రాసుకుని అన్నంతోపాటు తీసుకువెళ్లండి. ఉచితంగా ఉండొచ్చని చాలామందికి తెలియనే తెలియదు.


పొదిలి బస్సు:

మాష్టారూ మీరు చెప్పింది నిజం, షెల్టరు గురించి నాకూ ఎవరూ చెప్పలేదు అప్పట్లో. కానీ చెప్పినా రానివాళ్లుంటారు, వాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు. మొగుడూ పెళ్లాం అయితే విడివిడిగా పడుకోమంటారు. ఏరుకున్న ఇనుము మూటలు లోపలికి రానివ్వరు, ఆ మూటే వాడి రేపటి కూలి. తాగే అలవాటున్నోడిని రానివ్వరు. తెల్లారి నాలుగింటికి పనికెళ్లేవాడికి మార్కెట్ పక్కనే అరుగు ఉంటే ఊరికి ఆ చివరున్న షెల్టరు ఎందుకు? అడ్రసు చెప్పండి, ఒకసారి తోడు వెళ్లి చూపించండి, రానంటే అన్నం మానెయ్యొద్దు.


కావలి మాష్టారు:

ఒప్పుకుంటాను నాయనా. అన్నం మానెయ్యమని నా ఉద్దేశం కాదు. తోడు వెళ్లి చూపించటం అన్నావు చూడు, అది కాగితం ఇవ్వటం కంటే మంచిది.


నైట్ డ్యూటీ సిస్టర్:

నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుని. క్యాజువాలిటీకి ఇలాంటివాళ్లు రాత్రిపూటే వస్తారు, ఎక్కువగా 108లో. వంటకి సంబంధించి, ఆరోగ్యానికి సంబంధించి నాకు తెలిసినవి చెప్తాను.

సాయంత్రం నాలుక్కి వండి రాత్రి ఎనిమిదికి పెడతాం అన్నారు, అది వద్దు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది, దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్న గంటల్లో అవి మొలిచి పెరిగి విషం వదుల్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వాంతులు పట్టుకుంటాయి. మనింట్లో అయితే బాత్రూమ్ ఉంటుంది, మంచం ఉంటుంది, రోడ్డు మీద మనిషికి రాత్రిపూట వాంతులూ విరేచనాలూ అయితే ఎక్కడికి పోతాడు? అందుకని ఆరింటికి పొయ్యి మీద పెట్టి, ఏడున్నరకి దించి, గిన్నెలకి మందపాటి గుడ్డ చుట్టి వెంటనే బయలుదేరండి. పెట్టే టైముకి అన్నంలోంచి ఆవిరి రావాలి. 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదంటే 5 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి, ఆ మధ్యలో ఎక్కువసేపు ఉన్నదేదైనా ప్రమాదమే. రోహిణీ కార్తెలో మన నెల్లూరు ఎండల్లో పెరుగన్నం ముందే కలిపి తీసుకెళ్లొద్దు, మజ్జిగ విడిగా, మూత ఉన్న క్యానులో. వండేవాళ్లలో ఎవరికైనా జ్వరమో విరేచనాలో ఉంటే ఆ వారం కూరలు కూడా తరగొద్దు.

రెండోది షుగరు. రోడ్డు మీద ఉన్నవాళ్లలో చాలామందికి ఆసుపత్రి నుంచి షుగరు మాత్రలు తెచ్చుకునే అలవాటు ఉంటుంది, కొందరు అన్నం దొరకని రోజు కూడా మాత్ర వేసుకుంటారు, షుగరు పడిపోయి చెమటలు పట్టి పడిపోతారు, చూసేవాళ్లు తాగి పడిపోయాడనుకుని దాటుకుపోతారు. మీ దగ్గర ఎప్పుడూ కాస్త పంచదార, గ్లూకోజు పొడి ఉంచుకోండి. తెలివిలో ఉండి మింగగలిగితేనే నోట్లో పొయ్యాలి, తెలివి లేకపోతే ఏమీ పొయ్యకుండా 108కి చెయ్యండి.

రోజుల తరబడి ఏమీ తినని మనిషి కనిపిస్తే జాలిపడి కడుపునిండా పెట్టేయొద్దు. ఒంట్లో లవణాలు ఒక్కసారిగా తారుమారై గుండెకే ప్రమాదం వస్తుంది. పల్చటి గంజి కొంచెం కొంచెంగా ఇచ్చి ఆసుపత్రికి చేర్చండి.

దగ్గు మానకుండా ఉండి చిక్కిపోతున్నవాళ్లు ఉంటే టీబీ పరీక్షకి తీసుకురండి, పరీక్షా మందులూ ఉచితం. మందులు వాడుతున్నంత కాలం తిండికని కేంద్రం నెలకి 500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. అది బ్యాంకు ఖాతాలో పడుతుంది, వీళ్లకి ఖాతా ఉండదు. ఆదివారం వచ్చే మీలాంటి పిల్లలు ఎవరైనా ఒకరు ఆధార్ పనికీ బ్యాంకు పనికీ తోడు నిలబడితే అది ఎన్ని భోజనాలతో సమానమో నేను చెప్పలేను.

ఇంకొకటి, తనలో తాను మాట్లాడుకుంటూ, చలికీ ఎండకీ తెలియకుండా తిరిగేవాళ్లు ఉంటారు. పిచ్చివాళ్లని వదిలేస్తారు అందరూ. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం 100వ సెక్షన్లో స్పష్టంగా ఉంది, అలాంటి మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రికి చేర్చటం ఆ స్టేషన్ పోలీసుల బాధ్యత. తప్పిపోయినవాళ్ల కింద కేసు కూడా రాయాలి, ఎక్కడో ఒక ఇంట్లో వాళ్లకోసం ఏడ్చేవాళ్లు ఉంటారు కదా. ఏం చెయ్యాలో తోచకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ముసలివాళ్లని పిల్లలు వదిలేసి వెళ్లినట్టు అనిపిస్తే 14567, చిన్నపిల్లలు ఒంటరిగా కనిపిస్తే 1098. ఈ నంబర్లు మీలో అందరి ఫోన్లలో ఉండాలి.

మీలో ఆడపిల్లలు ఇద్దరు ఉన్నారన్నారు, చాలా మంచిది. రోడ్డు మీద పడుకునే ఆడవాళ్లు మగపిల్లలతో ఏమీ చెప్పరు. నెలసరి గుడ్డల కోసం ఎంత అవస్థ పడతారో వాళ్లు ఆడపిల్లలకే చెప్పగలరు. అన్నం పెట్టాక ఒక పది నిమిషాలు కూర్చుని మాట్లాడమనండి.


స్టోన్‌హౌస్‌పేట:

సిస్టర్ గారు చెప్పాక నాకు గుర్తొచ్చింది, వానల సంగతి ఇప్పుడే ఆలోచించుకోండి. మన జిల్లాకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే గదా, తుఫానులన్నీ అప్పుడే. పెద్దమ్మ ఇంటెనక ఖాళీ స్థలం అన్నారు, పైన రేకులన్నా లేకపోతే ఆ మూడు నెలలు పొయ్యి వెలగదు. ఆ నెలల్లోనే వాళ్లకి పనులు ఉండవు, పడుకునే అరుగులన్నీ తడిసిపోయి యాడెక్కడ చూరు ఉంటే ఆడ ముడుచుకోనుంటారు, మీరు ఎప్పుడూ పెట్టే జాగాలో కనిపించరు, ఎదుక్కోవాల. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు, పడుగుపాడు దగ్గర రైలుపట్టాలు కూడా దెబ్బతిన్న వరద అది, మా వీధిలో నీళ్లొచ్చినోళ్లకి వండిపెట్టేవాళ్లు ఎంతమంది వచ్చారో, మంచి మనసుతోనే వచ్చారు. కానీ ఆ వరదలో గూడు పోయి రోడ్డున పడి మళ్లీ లేవలేనోళ్లకి ఆ తర్వాత నెలలో పెట్టిన చెయ్యి లేదు. వార్తల్లో ఉన్నన్నాళ్లు అందరూ పెడతారు తమ్ముడూ, మీరు వార్త లేని ఆదివారాల్లో పెట్టాల.

రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గా దగ్గరా స్వర్ణాల చెరువు దగ్గరా ఊరంతా జనమే, ఆ రోజుల్లో అన్నానికి కొదవుండదు, ఆ వారం మీరు అటు కాకుండా స్టేషన్ వైపే పెట్టుకోండి. స్టేషన్లో ఉండే ముసలోళ్లు ఆ జనంలో దర్గా దాకా నడిచి పోలేరు.


ఒంగోలు వంటక్క:

వంకాయ మంచిదే తమ్ముడూ, కాకపోతే కొంతమందికి దురద అంటారు, సొరకాయ కూర ఇంకోటి చిన్న గిన్నెలో పెట్టుకోండి. లేకపోతే బంగాళాదుంప, అందరూ తింటారు. టైము సిస్టర్ గారు చెప్పినట్టే చెయ్యండి, కూరగాయలు తరగటం, పప్పు నానబెట్టటం, గుడ్లు ఉడకబెట్టి పెంకు తియ్యకుండా ఉంచటం మధ్యాన్నమే చేసుకుంటే, ఆరింటికి ఒక పొయ్యి మీద పప్పుచారు ఒక పొయ్యి మీద అన్నం ఎక్కించి గంటన్నరలో దించేయొచ్చు. రెండు పొయ్యిలు తప్పనిసరి.

మొదటి రెండు మూడు వారాలు ఎనభై మందికి వద్దు, నలభై మందికే వండండి. ఒక్క చోటే పెట్టండి, స్టేషన్ బయట ఒక్కటే. చెయ్యి తిరిగాక పెంచుకోవచ్చు. ఎనభై మందికి మొదలుపెట్టి అలిసిపోయి మానేసినవాళ్లని చాలామందిని చూశా, వాళ్లని నమ్ముకుని కూర్చున్నవాళ్లనీ చూశా. ఏడుగురిలో ప్రతి వారం ఇద్దరు సెలవు తీసుకోండి, వంతులు పెట్టుకోండి, పెళ్లిళ్లవుతయ్, ఉద్యోగాలు మారతయ్, ఏడుగురూ ఎప్పుడూ ఉండరు.


వేదాయపాళెం కుర్రోడు:

సరే అక్కా, నలభై మందితోనే మొదలుపెడతాం. ఈ ఆదివారం వండటం లేదు, ఈ ఆదివారం రాత్రి ఊరికే పోయి కూర్చొని, ఏ రోజు దొరకదు, ఏం తింటారు, ఎన్నింటికి పడుకుంటారు అని అడిగొస్తాం. మా ఫ్రెండ్స్ ఆడపిల్లలు ఇద్దరూ కార్పొరేషన్ ఆఫీసుకి సోమవారం లీవు పెట్టి పోతామన్నారు షెల్టర్ల సంగతి కనుక్కోను. పై ఆదివారం నుంచి వంట. రెండు పొయ్యిలు దొరికాయి, పెద్ద గిన్నెలే లేవు, సప్లయర్స్ షాపులో అద్దెకి అడిగితే పెళ్లిళ్ల సీజన్ అంట, ఆదివారాలు ఖాళీ లేవంటుండారు. నెల్లూర్లో ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి, వాడుకొని శుభ్రంగా తోమి ఇచ్చేస్తాం.


స్టోన్‌హౌస్‌పేట:

మా ఇంట్లో నాయన కాలంనాటి ఇత్తడి గుండిగ ఒకటుంది, ఆరేడు కిలోల బియ్యం వండొచ్చు, నలభై మందికి సరిపోతుంది. లోపలి తగరం పూత, అదే కళాయి, పోయింది, శనివారం లోపల పూయించి పెడతా, కళాయి లేకుండా పులుసు చారు అందులో పెట్టకూడదు, అన్నానికే వాడుకోండి. పప్పుచారుకి అల్యూమినియం డేగిశా మా తోడల్లుడి దగ్గరుంది, అడుగుతా. అద్దె మాటెత్తమాక. ఇద్దరు రండి, ఒక్కడు మొయ్యలేడు.